పడుకున్న అత్తగారు, నిలబడ్డ ఫోను

మా అత్తగారికి నడుం పట్టేసిన ఆ వానాకాలంలో, మా ఇంట్లో అందరికంటే తెలివైనది ఫోనేనని నాకు తెలిసొచ్చింది. సంగారెడ్డి డాక్టరు గోళీలు రాసి, కొన్నాళ్లు ఎక్కువసేపు కూర్చోవద్దు, పక్కకు తిరిగి పడుకోమన్నాడు. పగటిపూట మంచం ఎరగని మనిషి ఆవిడ. కాలక్షేపానికి మా ఆయన తన పాత ఫోన్లో సీరియల్ పెట్టిచ్చి, కంపెనీ బస్సెక్కి బొల్లారం డ్యూటీకి పోయాడు.

ఆవిడ పక్కకు ఒరిగి ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకోగానే బొమ్మ గిర్రున తిరిగేది. సీరియల్లో కోడలు గోడ మీద బల్లిలా నడిచేది. ఫోను తిప్పితే బొమ్మా మళ్లీ తిరిగేది. నేల ఎటుందో దానికి కచ్చితంగా తెలుసు. చూసే మనిషి ముఖం ఎటుందో కనుక్కోవడం మాత్రం దాని హోదాకు తక్కువ.

"ఓ పిల్లా, ఇది మల్ల ఒరిగింది" అని వంటింట్లోకి పిలుపు వచ్చేది. పోయి, తెర తిరగకుండా ఆపే గుర్తు నొక్కేదాన్ని. బొమ్మ బుద్ధిగా నిలబడేది, కాకపోతే అగ్గిపెట్టెంత. పెద్దది చేస్తే ఒక్కోసారి తలకిందులయ్యేది. కోస్తా నుంచి వచ్చిన మా నాన్న, ప్లాంటు క్వార్టర్లలో పెంచి నన్ను డిగ్రీ దాకా చదివించింది ఈ కొలువుకేనేమో.

సాయంత్రం మా ఆయన వచ్చి మా ఇద్దరికీ పాఠం చెప్పాడు. అది చెడిపోలేదట, సౌకర్యమట, మాకే వాడటం రాదట. ఆవిడ అంతా విని, జెర పక్కన పండుకొని చూపియ్యమంది. యూనిఫాం కూడా మార్చుకోకుండా ఆయన చాప మీద పక్కకు ఒరిగాడు. ఫోను ఆయన హోదానూ లెక్కచేయలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి మెడ తిప్పాడు. మెడ పట్టేసింది.

"నేను పండుకున్న సంగతి దానికి ఎరుక లేదారా?" అని ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"లేదమ్మా. నువ్వు నిలబడ్డవనే అనుకుంటది."

"మరి దాన్ని చేసినోళ్లు ఎన్నడు పండుకోరా?"

ఆయన మెడ పట్టుకుని లేచాడు. జండూబామ్ ఎక్కడుందని నన్నడిగాడు.

మర్నాడు నేను బట్టలారేసి వచ్చేసరికి ఆవిడ గోడకు దిండు ఆనించుకుని, నిటారుగా కూర్చుని సీరియల్ చూస్తోంది. డాక్టరు వద్దన్నాడు కదా అత్తమ్మా అంటే, డాక్టరు ఇంట్ల ఉంటడా, ఇదే కదా ఉండేది అంది. రోజూ కాసేపు అట్లాగే కూర్చుంది. ఆవిడ కూర్చున్నంతసేపూ ఫోను ఎంత మర్యాదగా ఉందో చెప్పలేను.

తర్వాత చూపించుకోవడానికి పోతే, ఇంత తొందరగా కోలుకున్నందుకు డాక్టరు చాలా సంతోషించాడు. తన మందు బాగా పనిచేసిందని అవే గోళీలు మళ్లీ రాశాడు. ఆవిడ వద్దనలేదు. తిరుగు ప్రయాణంలో షేర్ ఆటోలో, మెడకు పట్టీతో ముందు సీట్లో కూర్చున్న కొడుకును చూసి, రెండు గోళీలు వాడికీ ఇయ్యమని నాకు చెప్పింది.