ముందు పిల్లల పంక్తి

అంకమ్మకి అమ్మడం కొత్త కాదు. గిలకలదిండి రేవుకి పడవలు చేరగానే చేపలు వేలంలో పాడుకుని, తట్ట నెత్తికెత్తుకుని బందరు వీధులన్నీ తిరిగి అమ్ముకోవడం కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమెకి అలవాటే. మొగుడు పోలయ్య వేటకెళ్లేవాడు. ఓసారి వల లాగుతుంటే తాడు మెలిపడి అతని కుడి భుజం దెబ్బతింది. కట్టు విప్పిన డాక్టరు, ఇక సముద్రం మాట మరిచిపొమ్మన్నాడు. ఆ తర్వాత ఇంటి బరువంతా అంకమ్మ తట్టమీదే పడింది.

ఆ వానాకాలంలోనే, యూనివర్సిటీ పిల్లలు అద్దెకుండే వీధిలో ఆమె "చేపలో" అని కేకేస్తుంటే మేడమీంచి ఓ అమ్మాయి తొంగి చూసింది. బంటుమిల్లి నుంచి చదువుకోవడానికి వచ్చిన శ్రీదుర్గ.

"కొనాలనే ఉంది పిన్నీ, వండటం రాదు. మీరే వండి పెట్టకూడదా?" అంది నవ్వుతూ.

ఆ పిల్ల వేళాకోళానికే అంది. అంకమ్మ మాత్రం నిజంగానే మేడెక్కింది. గదిలో బియ్యం, ఉప్పూ కారం, గట్టిపడిన కాస్త చింతపండూ తప్ప ఏమీ లేవు. వాటితోనే తట్టలోని కానాగంత చేపల పులుసు పెట్టింది. గదిలోని ముగ్గురమ్మాయిలూ నోరెత్తకుండా తిన్నారు. గిన్నె అడుగున అన్నం వేసి కలుపుకుని మరీ తిన్నారు. ఇంటికెళ్తూ, ఆ పిల్లలు రోజూ ఏం తింటున్నారో అని అంకమ్మ దారంతా అనుకుంటూనే ఉంది.

నెల తిరక్కుండా ఆ వీధి చివర రేకుల షెడ్డు లేచింది. రెండు బల్లలు, అన్నం, పప్పుచారు, ఆ పూట రేవులో చవగ్గా దొరికిన చేప. కవళ్లు దొరికితే కవళ్లు, లేకపోతే ఎండు రొయ్యలేసి గోంగూర. పోలయ్య ఎడమచేత్తో మంచినీళ్లు పోసేవాడు, విస్తళ్లు వేసేవాడు. హోటల్లో టిఫిను ఖరీదుకి ఇక్కడ కడుపునిండా భోజనం దొరికేది. మారు అడిగితే లేదనే మాట అంకమ్మ నోట వచ్చేది కాదు.

గుడివాడ కుర్రాడు పవన్ ఆ పులుసంటే ప్రాణం పెట్టేవాడు. పిన్నికి నాలుగు బేరాలు పెరగాలని ఒకరోజు ఫోన్‌తో వీడియో తీసి రీల్ పెట్టాడు. అది ఎక్కడెక్కడికో వెళ్లింది. శనివారం వచ్చేసరికి మంగినపూడి బీచికి వెళ్లే కార్లన్నీ షెడ్డు ముందు ఆగాయి. విజయవాడ వాళ్లు పండుగప్ప అడిగారు, రొయ్యల వేపుడు అడిగారు. అంకమ్మ వండింది. ఖరీదైన చేప తెస్తే రేటూ పెరిగింది. పోలయ్య ముఖంలో మళ్లీ కళ వచ్చింది.

"చూశావా, మన దశ తిరిగింది" అన్నాడు.

మూడు వారాలు ఊపిరాడలేదు. ఒక మధ్యాహ్నం పెరుగు అయిపోతే అంకమ్మే గబగబా టీకొట్టు పక్క దుకాణానికి వెళ్లింది. టీకొట్టు ముందు పవన్, శ్రీదుర్గ, ఇంకో నలుగురు నిలబడి బన్ను టీలో ముంచుకు తింటున్నారు.

"ఇదేంట్రా, అన్నానికి రాలేదేం?"

పవన్ తల దించుకున్నాడు. "వచ్చాం పిన్నీ. చోటు లేదు. రెండింటికి మళ్లీ క్లాసు."

"నిన్న?"

"నిన్నా అంతే" అంది శ్రీదుర్గ. "మీ బేరం పాడుచేయడం ఎందుకని అడగలేదు."

అంకమ్మ పెరుగు కొనకుండానే తిరిగొచ్చింది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ పోలయ్యతో చెప్పింది, "రేపట్నుంచి ముందు పిల్లల పంక్తి. వాళ్లు లేచాకే కార్లవాళ్లు."

"నీకేమన్నా మతిపోయిందా? ఇంటికొచ్చిన లక్ష్మిని గుమ్మంలో నిలబెడతావా?"

"మన ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో ఈ షెడ్డు నిలబెట్టింది వాళ్లేగా. కార్లు అప్పుడేవి?"

పోలయ్య తోమిన గిన్నెలు చప్పుడయ్యేలా బోర్లించాడు. రాత్రి అన్నం కూడా అలిగే తిన్నాడు.

మర్నాడు ఒక పెద్ద కారు దిగినాయన ఖాళీ బల్ల చూసి కూర్చోబోయాడు. అంకమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమీ అనుకోకండి బాబూ. పిల్లలకి క్లాసు టైమవుతుంది, వాళ్లు తినేదాకా ఆగాలండీ."

"మేము ఎక్కువిస్తాం కదమ్మా!"

"ఇస్తారండీ, కాదనను. వాళ్లకి ఇంకోచోటు లేదు."

ఆయన విసురుగా కారెక్కి వెళ్లిపోయాడు. వెనకాలే వచ్చిన ఉయ్యూరు కుటుంబం మాత్రం చెట్టునీడకి జరిగి కూర్చుంది. పోలయ్య ముఖం మాడ్చుకునే వాళ్లకి మంచినీళ్లు తీసుకెళ్లాడు. వాళ్లు వేట సంగతులు అడిగితే మొదట ముక్తసరిగా చెప్పాడు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కొన్నాళ్లకి రీల్ సందడి సద్దుమణిగింది. కార్లు పలచబడ్డాయి. ఆగి తినేవాళ్లు మాత్రం మధ్యాహ్నం రెండు దాటాక వస్తూనే ఉన్నారు. వచ్చే ఆదాయం మునుపటికంటే ఎక్కువే గానీ, ఆ మూడు వారాలంత లేదు. దానికి పోలయ్య అప్పుడప్పుడూ సణుగుతాడు.

కానీ మొన్న తెల్లవారుజామున రేవుకి బయల్దేరుతున్న అంకమ్మ చేతిలోంచి సంచీ తనే అందుకున్నాడు.

"నేను వెళ్తాలే. పిల్లలకి పరీక్షలంట. ఆదరాబాదరాగా తింటారు, ముళ్లు తక్కువున్న చేప చూసి తెస్తా."