గదికి తాళం పడ్డాక

మా క్రాఫ్ట్ టీచర్ చనిపోయారని నందిగామలో స్కూలుకి బయల్దేరుతుంటే తెలిసింది. సెలవు పెట్టి జగ్గయ్యపేట బస్సెక్కా. దారంతా ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. అందుకే ఈ నాలుగు మాటలు అంత మెత్తగా ఉండకపోవచ్చు.

జగ్గయ్యపేట హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో ఆవిడ మాకు క్రాఫ్ట్ చెప్పారు. అప్పటిదాకా క్రాఫ్ట్ అంటే మాకు ఊలు పువ్వులు, పుల్లల ఇళ్ళు. ఆవిడ మొదటిరోజే, "మీ ఇంట్లో ఎవరికి ఏ పని చేస్తే ఎక్కడ నొప్పి పుడుతుంది?" అని అడిగారు. "కనుక్కుని రండి. అప్పుడు ఆ నొప్పి తగ్గించేదేదో గీద్దాం," అన్నారు.

నా పక్కన కూర్చునే అమ్మాయిది వత్సవాయి అనే ఊరు. వాళ్ళమ్మ పత్తి తీతకి వెళ్ళేది. ఓ ఆదివారం టీచర్ మమ్మల్ని ఆ చేలోకే తీసుకెళ్ళారు. "ఒడి నిండేకొద్దీ మెడ పట్టేసుద్దమ్మా. ఇంటికెళ్ళాక తల తిప్పలేను," అంది వాళ్ళమ్మ. టీచర్ పత్తి వేసుకునే ఆ ఒడిగుడ్డ తన మెడకి కట్టుకుని సాలు చివరిదాకా పత్తి తీశారు. తర్వాత మాకూ కట్టారు.

బరువు నడుం మీద పడేలా ఓ సంచీ గీశాం, కత్తిరించాం, కుట్టాం. మొదటిది చేలోనే చిరిగింది. "చిరిగిన చోటే చూడండి. మనం ఎక్కడ ఆలోచించలేదో అదే చెప్తుంది," అన్నారు టీచర్. చివరికి నిలిచిన సంచీకి కుట్టు దారి కనిపెట్టింది ఆ వత్సవాయి అమ్మాయే. క్లాసులో తను నోరు విప్పింది ఆ ఏడే.

టెన్త్‌కి రాగానే క్రాఫ్ట్ పీరియడ్లు లెక్కలకి ఇచ్చేశారు. టీచర్ మా ముందే హెడ్మాస్టర్ గారిని అడిగారు. "వారానికి ఒక్కటైనా ఉంచండి సార్."

"రిజల్ట్ అడుగుతారు గానీ, సంచీలు ఎవరడుగుతారమ్మా?"

"మోసేవాళ్ళు అడుగుతారండి. వాళ్ళ పిల్లలే కదా ఇక్కడ చదివేది."

ఆయన సంతకాల్లో పడిపోయారు.

మెల్లగా కింది తరగతుల పీరియడ్లూ పోయాయి. గదికి తాళం వేశారు. పనిముట్లు పాత ఇనప సామాన్ల బండికెళ్ళాయి. మిగిలిన సర్వీసంతా ఆవిడ చేత మధ్యాహ్న భోజనం ఫోటోలు ఫోన్లో ఎక్కించారు. నేను టీచరయ్యాక ఓసారి కంచికచర్లలో ట్రైనింగ్‌లో కలిస్తే, "పిల్లలకి చేతులు కూడా ఉంటాయని ఎవరికీ గుర్తుండదే," అన్నారు. ఆవిడ చేసిన ఫిర్యాదు అంతే. మిగతాది నేను చేస్తున్నా.

సంతాప సభ బడిలోనే పెట్టారు. ఆవిడ లోటు తీరనిదని మైకులో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆవిడ రిటైరయ్యాక ఆ పోస్టే ఎత్తేశారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లలకి ఇకనుంచి నైపుణ్యాలు నేర్పాలని పైనుంచి ఆదేశాలొచ్చాయని ఒకాయన చెబితే చప్పట్లు కొట్టారు.

వెనకాల గోడకానుకుని వత్సవాయి అమ్మాయి నిలబడి ఉంది. లెక్కల్లో తప్పి చదువు ఆపేసింది. ఇప్పుడు తనూ పత్తి తీతకే వెళ్తోంది. "నాకొచ్చింది ఆ ఒక్క పీరియడేనే. అదే తీసేశారు," అంది.

ఇద్దరం వెళ్ళి ఆ గది కిటికీలోంచి చూశాం. విరిగిన బల్లలు పైదాకా పేర్చి ఉన్నాయి. వాటి సందుల్లోంచి, వెనక గోడ మీద, ఏది తీసినా మళ్ళీ అక్కడే తగిలించాలని టీచర్ నల్లరంగుతో గీసిన ఆకారాలు కనిపించాయి. రంపం, సుత్తి, పట్టకారు, పెద్ద కత్తెర. ఒక్కో ఆకారం మధ్యలో ఒక ఖాళీ మేకు.