నానమ్మ వేసిన పంక్తి

నా చిన్నప్పుడు ఒక ఏడు నాకు రెండు పుట్టినరోజులు వచ్చాయి. ఒకటి అమ్మ కన్నందుకు, రెండోది నానమ్మకు అవసరం పడ్డందుకు.

అప్పుడు మేము నాంపల్లిలో, స్టేషన్ వెనక ఒక సందులో ఉండేవాళ్ళం. ఆ వానాకాలం సందులో ఇంటింటికీ విషజ్వరం తిరిగింది. చాలామందికి వారంలో తగ్గిపోయింది. కొందరికి మాత్రం, కిరాయిదారు ఇల్లు ఖాళీ చేసి సామాను వదిలిపెట్టి పోయినట్టు, జ్వరం పోయి బాధలు మిగిలాయి. వాళ్ళలో మా పక్కింటి అక్క ఒకతె. మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. అక్క గన్‌ఫౌండ్రీలో ఒక బడిలో టీచరు. ఎంత చలాకీ మనిషో! జ్వరం తర్వాత జడ వేసుకుంటూ కూడా మధ్యలో ఆగి కూర్చునేది. కీళ్ళనొప్పులు, గుండెదడ, చెప్పబోయిన మాట మరిచిపోవడం. పరీక్షల్లో ఏమీ దొరకలేదు కాబట్టి అది బద్ధకమేనని సందంతా తీర్పు చెప్పేసింది. మా సందులో తీర్పులకు ఎప్పుడూ కరువు లేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారేమో, సెలవులు అయ్యాక రోజంతా నిలబడి పాఠం చెప్పగలిగితేనే రమ్మన్నారు, లేదంటే ఆ ఉద్యోగం ఇంకొకరికిస్తామన్నారు. అక్క జీతం మీదే ఆ ఇల్లు నడిచేది.

పాపం, అక్క తిరగని దవాఖాన లేదు. ఆబిడ్స్‌లోని ఎముకల డాక్టరుగారు రోజూ నడవమన్నారు, పెరుగు బాగా తినమన్నారు. హిమాయత్‌నగర్ గుండె డాక్టరుగారు నడక మానేసి పడుకోమన్నారు. నాంపల్లి నరాల డాక్టరుగారు పెరుగు ముట్టుకోవద్దన్నారు, పైగా పెళ్ళి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయన్నారు. ముగ్గురూ మంచివాళ్ళే, మా ఇంటికి తెలిసినవాళ్ళే. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియదు, అంతే. అక్క ఒకరోజు ఒకరి మాట, మరునాడు ఇంకొకరి మాట విని రోజురోజుకూ నీరసించిపోయింది.

నానమ్మ కొన్నాళ్ళు చూసి, మనవరాలి పుట్టినరోజని చెప్పి ముగ్గురినీ ఆదివారం భోజనానికి పిలిచింది. నా పుట్టినరోజు ఎండాకాలంలో కదా అని నేను మొత్తుకుంటే, నోరు మూసుకుని కొత్త గౌను తొడుక్కోమంది.

వరసగా విస్తర్లు వేసి, డాక్టర్ల మధ్యలో అక్కను కూర్చోబెట్టింది. బగారా అన్నం, దాల్చా అయ్యేదాకా అంతా సవ్యంగానే సాగింది. అప్పుడు నానమ్మ పెరుగు గిన్నె పట్టుకుని అక్క ముందు నిలబడింది.

“డాక్టర్‌సాబ్, ఈ పిల్లకు పెరుగు వెయ్యాల్నా?”

“మంచిగ వెయ్యమ్మా,” అన్నారు ఎముకల డాక్టరుగారు.

“అరె, వద్దు వద్దు!” అంటూ నరాల డాక్టరుగారు అక్క విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు.

గరిటె గాలిలోనే ఆగింది. నానమ్మ ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, “జర మీరు మీరు మాట్లాడుకోన్రి సాబ్, నా చెయ్యి గుంజుతున్నది. తిన్నంక నడవమంటరా, పండుకోమంటరా? గది గూడ చెప్పున్రి,” అంది.

ఇంక చూడాలి! ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, చేతులు ఎండిపోయేదాకా మాట్లాడారు. పుట్టినరోజు పిల్లనైన నన్నూ, వంటింట్లో ఉన్న తీపి, ఖుబానీ మీఠానూ అందరూ మరిచిపోయారు. నాకు ఏడుపొచ్చింది. చివరికి గుండె డాక్టరుగారు అక్కవైపు తిరిగి, నడిస్తే అసలు ఏమవుతుందని అడిగారు.

“నడిచిననాడు మంచిగనే ఉంటది సార్. తెల్లారి మంచం దిగనీకి వస్తలేదు,” అంది అక్క.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఇటువంటివాళ్ళు తన దగ్గరికీ వస్తున్నారని ఒకరన్నారు. తమ దగ్గరికీ వస్తున్నారని మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. పెళ్ళి చేసుకోమన్న నరాల డాక్టరుగారే మెల్లగా అన్నారు: “బిడ్డా, నీకు బీమారి అయితే ఉన్నది. గదేందో మాకింక సమజ్ కాలే.”

అక్క భోరున ఏడ్చింది. మీఠా ఆలస్యమైనందుకేనేమో అనుకున్నాను నేను. ఇన్ని నెలలూ ప్రతివాళ్ళూ ఏమీ లేదంటుంటే, ఉందని ఒక్కరు అన్నందుకని ఆ తర్వాత నానమ్మ చెప్పింది.

అప్పటినుంచి ఆదివారాలు మా వరండాలో ముగ్గురూ కలిసి కూర్చునేవారు. సందులో జ్వరం పోయినా కోలుకోనివాళ్ళను నానమ్మ పిలుచుకొచ్చేది. ముగ్గురూ కలిసే చూసేవారు, ఒకరు కనిపెట్టింది ఇంకొకరికి చెప్పేవారు, దెబ్బలాడుకునేవారు, చివరికి ఒకే మాట చెప్పి పంపేవారు: అలసట రాకముందే ఆగాలి, కొంచెం కొంచెంగా పెంచాలి. మందులు పెద్దగా దొరకలేదు గానీ దాల్చా పుణ్యమా అని ఎముకల డాక్టరుగారి పొట్ట మాత్రం పెరిగింది. ముగ్గురూ కలిసి బడికి కూడా వెళ్ళారు. తనిఖీ వాళ్ళనుకుని హెడ్‌మిస్ట్రెస్‌గారు గాభరాగా లేచి కుర్చీలు వేయించారట. అక్కకూ ఒకటి వేయించమని వీళ్ళు అడిగారు. అక్క పూర్తిగా కోలుకోవడానికి చాలా కాలం పట్టింది గానీ ఉద్యోగం నిలబడింది.

కరోనా వచ్చి పోయాక మా కోడలిది ఇప్పుడు అదే అవస్థ. రిపోర్టులన్నీ బాగున్నాయి, మనిషి బాగా లేదు. ఇద్దరు డాక్టర్లను ఒకే ఫోన్‌లో మాట్లాడించడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. వైద్యం నాకేమీ తెలియదు. కానీ అలసిపోయానత్తయ్యా అని ఆ పిల్ల అన్నప్పుడు, నిజమా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.