రిలీవర్ రాకుండా దిగని మనిషి

మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో కరిగిన ఉక్కు తొట్టిని మోసే క్రేను నడిపేవాడు. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, నిచ్చెనెక్కి పైకి వస్తేగానీ కిందికి దిగకూడదన్నది అక్కడి పద్ధతి. అందరూ పాటించేదే. మా నాన్న మాత్రం మడి కట్టుకున్నట్టు పాటించేవాడు.

నా చిన్నప్పుడు తమ్ముడికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. పక్కింటాయన ఫ్యాక్టరీ గేటు దాకా పరుగెత్తి నాన్నకు కబురందించాడు. ఆ రోజు ఖర్కాయి ఏరు పొంగింది. ఆదిత్యపూర్ నుంచి రావలసిన రిలీవర్ ఏటికి అవతలే చిక్కుకుపోయాడు. నాన్న రెండో షిఫ్టు కూడా చేసి ఇంటికొచ్చేసరికి తమ్ముడు లేడు. అమ్మ అప్పుడూ ఒక్క మాట అనలేదు, ఆ తర్వాతా అనలేదు. వేళకి అన్నం పెట్టేది, క్యారేజీ కట్టేది. ఆయన పక్కన మాత్రం కూర్చునేది కాదు. నేను కాలేజీకి వచ్చేనాటికి కూడా ఇంట్లో అదే తీరు.

ఆ కాలేజీ రోజుల్లోనే నాకొక సీరియల్ పిచ్చి పట్టింది. ఏళ్ల తరబడి సాగుతున్న అంతరిక్ష నౌక కథ. ఆ తెలుగు వారపత్రిక టాటానగర్ స్టేషన్లోని పుస్తకాల షాపుకి రైల్లో తాపీగా వచ్చేది. నాన్న షిఫ్టు దిగి సైకిలు మీద వెళ్లి తెచ్చేవాడు. ఉక్కు వేడికి ఆయన కళ్లు మండుతుండేవి. అందుకని నేను పైకి చదివితే ఆయన మంచం మీద వాలి వినేవాడు. అమ్మ వంటింట్లోంచి కదిలేది కాదు.

ఆ రచయితంటే నాకు ప్రాణం. అలాగని ఊరుకునేదాన్ని కాదు. నౌకలోని డాక్టరమ్మకు ఒక వారం చీకటంటే భయం, మరో వారం దీపం లేకుండా నౌకంతా తిరిగేస్తుంది. టీ ముట్టని కెప్టెన్ కొన్నాళ్లకి పంచదార తక్కువైందని అలుగుతాడు. ఇలాంటివి పట్టుకోవడంలో నాకు నేనే సాటి. రాసినాయన మర్చిపోయుంటాడు పోనీ అని నాన్న నవ్వేవాడు.

ఇంజనీరు పాత్ర దగ్గర మాత్రం నా ఆటలు సాగలేదు. చుట్టూ మంటలు లేచినా సరే, మరో మనిషి వచ్చి నిలబడేదాకా అతను యంత్రాన్ని వదిలి కదలడు. అచ్చం మా నాన్నే. అతను అలా ఎందుకు నిలబడతాడో తెలిస్తే, ఆ రోజు నాన్న ఎందుకు రాలేదో కూడా తెలుస్తుందని నాకు ఆశగా ఉండేది.

ఒక వారం ఆ ఇంజనీరు యంత్రాన్ని వదిలేసి పరుగెత్తాడు. నౌక రెండో కొసన అతని కూతురి గదిలో గాలి అయిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే చదవడం ఆపేశాను. హిందీ ఊళ్లో పెరిగానేమో, కోపమొస్తే నా నోటికి తెలుగు రాదు. ఇన్నేళ్లు పెంచిన మనిషిని ఒక్క పేజీలో పాడుచేశాడని ఆ రచయితను బజారు హిందీలో దులిపేశాను. అతను అలాంటివాడు కాదని ఇప్పుడే కార్డు రాసి పడేస్తానన్నాను.



"ఆడు మారిపోనేదమ్మా," అన్నాడు నాన్న. "కాళ్లు ఎప్పుడూ ఇంటికేసే లాగుతాయి. బిగబట్టుకుని ఉంటాడు, అంతే. ఈయాల బిగబట్టనేకపోయాడు." గోడకేసి తిరిగి అన్నాడు. "ఆ రోజు నాను కూడా దిగిపోవల్సింది."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నాన్న ఉక్కుతో చేసిన మనిషని అనుకుంటూ వచ్చాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఆ పిల్ల బతికిందా?" అమ్మ గొంతు.

ఇన్నాళ్లూ ఆమె అక్కడినుంచి ప్రతివారం వింటూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. గబగబా పేజీలు తిప్పాను. ఆఖరి పేరా చదివాకగానీ ఊపిరి తీసుకోలేదు.

"బతికిందమ్మా," అన్నాను.

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నాన్న మంచం పక్కన నిలబడింది.

"అయితే ఆడు పరిగెట్టిన కాణ్ణించి సదువు," అంది. "నానూ ఇంటాను."

నాన్న కాళ్లు ముడుచుకుని ఆమెకు చోటిచ్చాడు. అమ్మ కూర్చుంది.