పరీక్షలో పీకేసిన పువ్వు

ఈ పొద్దున పూజకు మందార పువ్వు కోస్తుంటే బొటనవేలికి జిగురంటింది. ఈ వయసులో నాకు పరీక్ష పెట్టేవాళ్లెవరూ లేరు, అయినా ఆ జిగురు తగిలితే ఫౌండేషన్ ఏడాదీ, వసుంధర మేడమూ గుర్తొస్తారు.

మాది ఆలూరు పక్క పల్లె. ఆదోనిలో తెలుగు మీడియంలో ఇంటర్ అయ్యాక యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్ సీటొచ్చింది. మాలాంటివాళ్లకు ముందుగా ఒక ఫౌండేషన్ ఏడాది పెట్టారు. అది గట్టెక్కితేనే మొదటి సంవత్సరం, లేకపోతే సీటు పోయినట్టే. తిరిగొస్తే మళ్లీ చదువు మాట ఎత్తనని నాన్నకు మాటిచ్చి వెళ్లాను. ఏడాదంతా అన్నం సయించలేదు. మాకు జీవశాస్త్రం చెప్పిన వసుంధర మేడమ్‌ది ఎమ్మిగనూరు. పాఠం ఇంగ్లీషులో చెప్పినా, కోపమొస్తే మా యాసలోకి దిగిపోయేవారు. మొదటి నెలల్లో నాకు పూర్తిగా అర్థమైనవి ఆమె తిట్లే.

చివరి ప్రాక్టికల్ పరీక్షలో తలా ఒక మందార పువ్వు ఇచ్చి, భాగాలన్నీ విడదీసి కాగితం మీద పరచమన్నారు. మా ఊళ్లో విత్తన పత్తికి క్రాసింగ్ చేస్తాం. మొగ్గ విప్పి, బొటనవేలి గోటితో కేసరాలన్నీ గీకేసి, ఆడభాగాన్ని మాత్రం మిగిల్చి, మర్నాడు వేరే రకం పుప్పొడి రుద్దుతాం. చిన్నప్పటి నుంచీ దసరా సెలవులంతా నాకదే పని. పత్తీ, మందారమూ ఒకే కుటుంబం. భయంతో బుర్ర ఆగిపోయింది గానీ చెయ్యి ఆగలేదు. చూసుకునేసరికి బొటనవేలంతా జిగురు, కేసరాలు నలిగి బల్ల కింద పడి ఉన్నాయి.

మేడమ్ వచ్చి నిలబడ్డారు.

“కేసరాలు యాడ పాపా?”

“పీకేసినా మేడమ్. పీకకుంటే సొంత పుప్పొడి పడి విత్తనం చెడిపోతాది.”

ఆమె నవ్వలేదు. “చేన్లో పువ్వు విత్తనానికి. ఈడ చూసేదానికి. చూడకముందే పీకితే ఎట్లా?” అని ఆ భాగానికి సున్నా వేశారు. ఇంకో పువ్వు ఇవ్వలేదు. నోటి పరీక్షలో మాత్రం ఆ క్రాసింగ్ గురించే అడిగారు, తెలుగులోనే చెప్పనిచ్చారు.

ఆ సాయంత్రం ఊళ్లకు వెళ్తూ మేడమూ నేనూ ఒకే బస్సులో వచ్చాం. ఎమ్మిగనూరులో నేను ఆదోని బస్సుకు మారాలి. బస్టాండు దగ్గర నాకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ ఇప్పించారు. ముద్ద దిగక అడిగేశాను.

“నేను పాసైతానా మేడమ్?”

“నాకు తెల్దు పాపా. దిద్దినాకనే తెలుస్తాది. తిను, ఫెయిలైనా ఆకలైతాది కదా.”

ఒళ్లు మండిపోయింది. స్నేహితురాళ్లు, హాస్టల్ ఆయా, చివరికి నాన్న కూడా తప్పకుండా పాసవుతావన్నారు. ఒక మంచిమాట అంటే ఈమె సొమ్మేం పోయింది? ఫలితాల దాకా ఆ కోపంతోనూ భయంతోనూ గడిపాను.

ఫలితాల రోజు ఆమే ఫోన్ చేశారు. “పాసైనావు పాపా. బొటాబొటిగానే అనుకో.” మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను.

నాకు ఆమె నుంచి ధైర్యమేమీ అబ్బలేదు. ఇప్పటికీ కొత్త పని ఏది మొదలుపెట్టినా గుండె దడే. ఇది నా చేతకాదేమో అనిపించినప్పుడు ఎవరెంత మెచ్చుకున్నా నమ్మబుద్ధి కాదు. ఆమె మాటొక్కటే నమ్ముతాను. పాసవుతావని ఉత్తుత్తికైనా అనని మనిషి, పాసైనావని చెప్పిన మాట అది.