మంటను ఆర్పే గ్యాసు

మా చిన్నప్పుడు గ్యాసు అంటే ఒక్కటే... వంటింటి మూలన నిలబెట్టిన ఎర్ర సిలిండరు. అందుకే ఏడో తరగతిలో సైన్సు చెప్పే సుగుణ మేడం "రేపు మంటను ఆర్పే గ్యాస్ ఎవరన్న తెస్తరా?" అని అడిగితే, నాకూ పక్కన కూర్చున్న స్వరూపకూ ఏమీ అర్థం కాలేదు. అయినా ఇద్దరం చెయ్యెత్తాం...

మా బడిలో ల్యాబ్ అంటే ఒక పాత బీరువా. ఏ ప్రయోగానికైనా కావలసినవి మేమే వెతికి తేవాలి.

సాయంత్రం చాటలో కందిపప్పు చెరుగుతున్న అమ్మను అడిగాను. "గ్యాస్‌తోని మంట మండుతది గని, ఆరుతదా బిడ్డా? నువ్వు సరిగ్గ ఇన్నవా?" అంది. అమ్మ చెప్పింది నిజమే. మేడం చెప్పిందీ నిజమే అయి ఉండాలి. మరి...

పొద్దున్నే మా పక్క పేట మట్టెవాడలో సోడాలు కొట్టే యాదన్న దగ్గరికి పోయాం. "గ్యాస్ అయితే ఉన్నది. ఆర్పుతదో అంటిస్తదో నాకేమెరుక? సోడాల పొంగుతది, గంతే" అంటూ ఒక ఎర్ర బుగ్గలో, అదే బెలూన్‌లో, నింపి ఇచ్చాడు. నమ్మకం కుదరలేదు. దారిలో ఎగిరే బుగ్గలు అమ్మే ఆయన కనిపిస్తే, ఆయన దగ్గరా ఒకటి కొన్నాం.

ఒకటేమో దారాన్ని లాగుతూ పైకి పోతానంటోంది. సోడా బుగ్గ కిందికి వేలాడుతోంది. రెండింట్లోనూ గ్యాసే కదా...

"ఇది ఖరాబైనట్టున్నది. ఎగిరేదే అసలు గ్యాస్" అంది స్వరూప. నాకూ అలాగే తోచింది.

క్లాసులో మేడం బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, బోర్డు వైపు తిరిగారు. స్వరూప ఎగిరే బుగ్గను మంట దగ్గరికి తీసుకుపోయి ముడి విప్పబోయింది.

"స్వరూపా, ఆగు. ఆడ్నే ఆగు."

మేడం గొంతు అలా వినడం అదే మొదటిసారి. ఆ బుగ్గ ఎక్కడిదో అడిగారు. చెప్పాం. మమ్మల్నందరినీ వరండాలో నిలబెట్టి, బుగ్గను మైదానంలో ఒక రాయికి కట్టి, పొడుగాటి కర్ర చివర కొవ్వొత్తి పెట్టి దూరం నుంచి అంటించారు.

ఢామ్... ఒక నిప్పుముద్ద. తర్వాత ఏమీ లేదు. స్వరూప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోపలికి వచ్చాక మేడం సోడా బుగ్గలోని గ్యాసును నెమ్మదిగా ఒక గ్లాసులోకి వదిలారు. మా కంటికి అది ఖాళీ గ్లాసే. దాన్ని నీళ్లు పోస్తున్నట్టు కొవ్వొత్తి మీదికి వంచారు. ఏమీ పడలేదు. మంట మాత్రం ఆరిపోయింది.

"ఏం పోసిన్రు మేడం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఎగిరేది భగ్గున మండే హైడ్రోజన్ అనీ, సోడాది గాలికన్నా బరువైన కార్బన్ డయాక్సైడ్ అనీ మేడం చెప్పారు. నా అయోమయం మాత్రం తీరలేదు. "రెండూ కనబడయి కద మేడం, ఏది ఏదో ఎట్ల ఎరుకైతది?" అన్నాను.

"అందుకే ముందుగాల అడగాలె బిడ్డా. మంట దగ్గరికి తర్వాత పోవాలె."

మమ్మల్ని తిట్టలేదు. గంట కొట్టేదాకా స్వరూప చెయ్యి పట్టుకునే పాఠం చెప్పారు. అది కోపమో, భయమో... నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా అమ్మాయికి ప్రయోగాల డబ్బా బడి వాళ్లే ఇస్తున్నారు. అన్నిటి మీదా పేర్లుంటాయి. మంచిదే, ప్రమాదం లేదు. కానీ వెతకడానికి వీధుల వెంట తిరిగే పనీ లేదు, తోచక తల గోక్కునే పనీ లేదు...

మీ సైన్సు మేడం మీతో ఏమేం తెప్పించారు? జర యాది చేసుకుని చెప్పండి...