కాలిన నేల లోతు

ఈ ఆగస్టులో వారం రోజులుగా రెడ్‌మండ్‌లో మా ఇంటి కిటికీలు తెరవలేదు. ఎక్కడో ఉత్తరాన అడవులు కాలుతున్నాయి. అందరూ అది కట్టెల పొగే అంటారు. నా ముక్కుకు మాత్రం అందులో నాచు మాడిన వాసన, మన్ను కమిలిన వాసన విడిగా తెలుస్తాయి. ఆ తేడా నాకు నేర్పింది సువర్చల మేడమ్.

అలాస్కాలో నేను మాస్టర్స్ చేస్తున్నప్పుడు ఆవిడ మా ప్రొఫెసర్. బాపట్లలో వ్యవసాయం చదువుకుని అమెరికా వచ్చి, నలభై ఏళ్లుగా ఆ చలినేలనే తవ్వుతున్న మనిషి. మొదటిసారి కాలిన అడవికి తీసుకెళ్లినప్పుడు నేను నల్లటి మొద్దులను చూస్తూ నిలబడిపోయాను. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, "చెట్ల గురించి దిగులుపడకమ్మా శైలజా, అవి మళ్లీ వస్తాయి. కింద చూడు" అన్నారు. మొదలు దగ్గర వేళ్లు నేలకు జానెడు పైన గాలిలో వేలాడుతున్నాయి. "ఒకప్పుడు నేల ఇక్కడిదాకా ఉండేది. మధ్యలో ఉన్నదంతా గాల్లో కలిసిపోయింది." ఆ చలికి రాలిన ఆకు, చచ్చిన నాచు సరిగా కుళ్లవు. వందల ఏళ్లుగా పొర మీద పొర పేరుకుని కార్బన్‌ను దాచుకుంటాయి. మామూలు మంట పైపొరను కాల్చి ఆగిపోతుంది. వెంటవెంటనే వస్తున్న మంటలు అడుగున ఉన్న పాత పొరను కూడా తినేస్తున్నాయా అన్నదే మా పరిశోధన.

రెండో వేసవిలో నాతో రావలసిన అమ్మాయికి జ్వరం వచ్చింది. పన్నెండు చోట్ల నేల ఎంత లోతు కాలిందో కొలవడానికి ఒక్కదాన్నే వెళ్లాను. నాలుగు రోజులు వాన, ముఖమంతా దోమలు. తొమ్మిది చోట్ల కొలిచాక ఇక కాలు కదల్లేదు. కారులో కూర్చుని, మిగతా మూడింటికీ పక్క చోట్ల కొలతలకు దగ్గరగా ఉండే అంకెలు వేసేశాను.

"డేటా ఎంత నీట్‌గా వచ్చిందో చూడు!" అని మేడమ్ మురిసిపోయారు. పెద్ద సభలో ఆ ఫలితాలు చెప్పడానికి సిద్ధమయ్యారు. పది రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి ఆవిడ గదిలోకి వెళ్లి, "మేడమ్, ఆ లాస్ట్ మూడు సైట్లకి నేను వెళ్లలేదు" అన్నాను.

ఆవిడ ప్రసంగం కాగితాలు పక్కన పెట్టారు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? వీసా పోతుందనా?"

"అవును మేడమ్."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"మీరు అందరి ముందూ నిలబడి అది నిజమని చెప్తారు కదా."

నా ఎదుటే ఆవిడ సభవాళ్లకు ఈమెయిల్ రాశారు: మూడు చోట్ల కొలతలు తీయలేదు, ప్రసంగం విరమించుకుంటున్నాను, బాధ్యత నాది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆ అడవికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం. రెండు చోట్ల నా ఊహ దరిదాపుల్లోనే ఉంది. మూడో చోట నాచు పొరే లేదు. అడుగున ఉండే గులకమన్ను బయటపడి ఉంది. వందల ఏళ్లుగా దాచుకున్నదంతా పోయింది.

మేడమ్ ఆ మన్ను మీద చెయ్యి పెట్టారు. "నువ్వు తప్పు రాశావని కాదమ్మా నా బాధ. ఇక్కడ ఇలా జరిగిందని ఎవరికీ తెలిసేదే కాదు."

తిరిగి వస్తూ, బాధ్యత మీదని ఎందుకు రాశారని అడిగాను. "అంత దూరం నిన్ను ఒక్కదాన్నే పంపింది ఎవరు?" అన్నారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నా డిగ్రీ ఒక సెమిస్టర్ ఆలస్యమైంది. ఉద్యోగానికి సిఫారసు లేఖ అడిగినప్పుడు ఆవిడ, "ఆ విషయం కూడా రాస్తాను. నీకు ఓకేనా?" అన్నారు. సరేనన్నాను. ఆ లేఖతోనే ఈ ఉద్యోగం వచ్చింది. మూడేళ్ల క్రితం మేడమ్ పోయారు.

ఇప్పుడు నేల పరీక్షల ఆఫీసులో నా కింద నలుగురు పనిచేస్తారు. ఎవరి అంకెలైనా మరీ పొందిగ్గా కనిపిస్తే నేను కోప్పడను. కుర్చీ చూపించి కూర్చోమంటాను. ముందు ఒకటే అడుగుతాను: "ఆ రోజు నీతో ఎవరున్నారు?"